ఉక్కు గట్టిగా ఉంటే వంతెన సేఫేనా? హై పెర్ఫార్మెన్స్ స్టీల్ అసలు కథ

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనదే. అక్షరాలా వందల టన్నుల బరువు. కానీ సివిల్, మెకానికల్ చదవని వాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్తాను. నేను కూడా సాఫ్ట్‌వేర్ వైపు నుంచి వచ్చినవాణ్ణే కాబట్టి, నాకు అర్థమైన దారిలోనే మిమ్మల్ని తీసుకెళ్తాను.

ముందు ఒక సీన్ ఊహించుకోండి. 2021 మే 11. అమెరికాలో మెంఫిస్ నగరం, మిసిసిపీ నది మీద ఐ-40 హైవే వంతెన. పేరు హెర్నాండో డీ సోటో బ్రిడ్జ్. 1973లో ట్రాఫిక్‌కి తెరిచారు. రోజుకి 40 వేలకు పైగా బండ్లు దాని మీద పోతాయి. ఆ రోజు ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళిన ఒక ఇంజనీర్, వంతెన పక్కనున్న పెద్ద ఉక్కు బీమ్ అడ్డంగా పగిలిపోయి ఉండటం చూశాడు. సన్నటి గీత కాదు, బీమ్ విరిగి మధ్యలో సందు కనిపిస్తోంది. వెంటనే అక్కడి నుంచే ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి, వంతెన మీద ట్రాఫిక్ ఆపించాడు. కింద నదిలో పడవలు, బార్జీలు కూడా కొన్ని రోజులు ఆగిపోయాయి. రిపేర్ చేసి మళ్ళీ పూర్తిగా తెరిచేసరికి ఆగస్టు వచ్చింది.

అదృష్టం ఏంటంటే ఒక్కరికీ ఏమీ కాలేదు. కానీ తర్వాత పాత డ్రోన్ వీడియోలు తీసి చూస్తే, 2019లోనే ఆ పగులు కనిపిస్తోంది. నదిలో పడవ మీద వెళ్తూ 2016లో ఒకరు తీసిన ఫొటోలో కూడా ఉంది. అంటే కొన్నేళ్ళ పాటు లక్షల మంది ఆ విరిగిన బీమ్ ఉన్న వంతెన మీదే రోజూ ఆఫీసులకి వెళ్ళారు, వచ్చారు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఆ బీమ్‌ని చవక ఉక్కుతో చెయ్యలేదు. ఆ రోజుల్లో దొరికే చాలా బలమైన ఉక్కు, టీ-1 అనే రకంతో చేశారు. మరి బలమైన ఉక్కు ఎందుకు విరిగింది? ఈ ప్రశ్నకి సమాధానం తెలిస్తే, హై పెర్ఫార్మెన్స్ స్టీల్ ఎందుకు పుట్టిందో దానంతట అదే అర్థమైపోతుంది.

బలం వేరు, మొండితనం వేరు

మనం రోజూ టీవీలో టీఎమ్‌టీ కడ్డీల యాడ్స్ చూస్తాం కదా. ఎఫ్‌ఈ 500, ఎఫ్‌ఈ 550 అని. ఆ 500 అంటే ఏంటి? ఆ ఉక్కు 500 మెగాపాస్కల్ ఒత్తిడి వరకు సాగి, బరువు తీస్తే మళ్ళీ మామూలు పొడవుకి వచ్చేస్తుంది. అది దాటితే శాశ్వతంగా సాగిపోతుంది. దీన్నే ఈల్డ్ స్ట్రెంగ్త్ అంటారు. ఒక మెగాపాస్కల్ అంటే ఒక చదరపు మిల్లీమీటర్ మీద ఒక న్యూటన్, సుమారుగా వంద గ్రాముల బరువు. అంటే 500 మెగాపాస్కల్ అంటే అగ్గిపుల్ల కొనకంటే చిన్న చోటు మీద 50 కిలోల బస్తా వేలాడదీసినట్టు.

అదే యాడ్‌లో ఒక్కోసారి 500డి అని కూడా వస్తుంది. ఆ "డి" అంటే డక్టిలిటీ, అంటే సాగే గుణం. మన ఇండియన్ స్టాండర్డ్ ప్రకారం ఎఫ్‌ఈ 500 కడ్డీ తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి, 500డి అయితే 16 శాతం సాగాలి. బలం నంబర్ రెండింటికీ ఒకటే. కానీ భూకంపం వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. ఒకటి త్వరగా తెగుతుంది, ఇంకోటి సాగి ఇంకాసేపు పట్టుకుంటుంది.

వంతెన ఉక్కులో ఇంకో గుణం కూడా కావాలి, టఫ్‌నెస్. దీన్ని నేను మొండితనం అంటాను. ఆల్రెడీ ఒక చిన్న పగులు ఉంది అనుకోండి. ఆ పగులు ఇంకా ముందుకి పాకకుండా ఎంత మొండిగా అడ్డుకుంటుంది అన్నదే టఫ్‌నెస్. గాజు పలక బాగా గట్టిది, గోరుతో గీరితే గీత కూడా పడదు. కానీ డైమండ్ కట్టర్‌తో ఒక గీత గీసి తడితే ఆ గీత వెంబడి టక్కున విరిగిపోతుంది. తోలు చెప్పు గాజంత గట్టిది కాదు. కానీ దానికి చిన్న గాటు పెట్టి లాగినా వెంటనే చిరగదు. గాజుకి గట్టిదనం ఉంది, మొండితనం లేదు.

ఉక్కుకి ఈ టెస్ట్ ఎలా చేస్తారంటే, 10 మిల్లీమీటర్ల చదరంలో 55 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న ముక్క తీసుకుని, దానికి 2 మిల్లీమీటర్ల లోతు వీ ఆకారం గాటు పెడతారు. ఊగే సుత్తిని పైనుంచి వదిలి ఆ ముక్కని కొడతారు. ముక్క విరగడానికి సుత్తి ఎంత శక్తి పోగొట్టుకుందో కొలుస్తారు. దాని పేరు చార్పీ టెస్ట్. యూనిట్ జౌల్స్. ఇందులో ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. మామూలు ఉక్కు చల్లబడే కొద్దీ మొండితనం పోగొట్టుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో తోలులా ఉన్న ఉక్కు, డిసెంబర్ రాత్రి గాజులా అయిపోవచ్చు.

46 మంది ప్రాణాలు, మూడు మిల్లీమీటర్ల పగులు

ఇది థియరీ మాత్రమే కాదు. 1967 డిసెంబర్ 15 సాయంత్రం, క్రిస్మస్ షాపింగ్ టైమ్. ఒహాయో నది మీద, వెస్ట్ వర్జీనియాలోని పాయింట్ ప్లెజెంట్ దగ్గర ఉన్న సిల్వర్ బ్రిడ్జ్ బండ్లతో కిక్కిరిసి ఉంది. 1928లో కట్టిన వంతెన. కేబుల్స్ బదులు, రెండు చివర్లా కన్నాలున్న పొడవాటి ఉక్కు పట్టీలని పిన్నులతో గొలుసులా కలిపి దాన్ని వేలాడదీశారు. ఆ పట్టీలు కూడా ఆ కాలానికి హై స్ట్రెంగ్త్ ఉక్కే. బలం ఎక్కువ కాబట్టి ఒక్కో లింక్‌కి రెండు పట్టీలు చాలు అనుకున్నారు.

అందులో ఒక పట్టీ కన్నం దగ్గర, సుమారు మూడు మిల్లీమీటర్ల లోతు పగులు ఏర్పడింది. తుప్పు, లోపలి ఒత్తిడి కలిసి దాన్ని ఏళ్ళ తరబడి పెంచాయి. ఆ కన్నం లోపల పిన్ను ఉంటుంది కాబట్టి, వంతెన విప్పితే తప్ప ఆ పగులు ఎవరికీ కనబడదు. ఆ చలి సాయంత్రం ఆ పట్టీ ఒక్కసారిగా విరిగింది. జతగా ఉన్న రెండో పట్టీ ఒక్కటే బరువు మొయ్యలేక పక్కకి జారింది. మొత్తం వంతెన నదిలోకి పోయింది. 46 మంది చనిపోయారు.

మనం సాఫ్ట్‌వేర్‌లో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం కదా, అదే. కాకపోతే ఇక్కడ సర్వర్ రీస్టార్ట్ చేసే అవకాశం లేదు. ఈ ప్రమాదం తర్వాతే అమెరికాలో దేశం మొత్తానికి ఒకే రకం వంతెన తనిఖీ నియమాలు వచ్చాయి.

వెల్డింగ్ దగ్గర దాక్కున్న విలన్

సరే, మళ్ళీ మెంఫిస్‌కి వద్దాం. ఆ వంతెన ఆర్చ్ రకం. విల్లు గుర్తుతెచ్చుకోండి. పైన వంపు తిరిగినది ఆర్చ్, కింద వింటినారిలా రెండు కొనల్ని లాగి పట్టుకునేది టై బీమ్. రాజమండ్రిలో గోదావరి మీద రైలు ఆర్చ్ వంతెన చూసిన వాళ్ళకి ఈ షేప్ వెంటనే అర్థమవుతుంది. అది కాంక్రీట్, ఇది ఉక్కు, అంతే తేడా. వింటినారి తెగితే విల్లు ఏమవుతుందో మీకు తెలుసు. మెంఫిస్‌లో విరిగింది ఆ వింటినారే. పూర్తిగా తెగకముందే దొరికింది.

ఆ టీ-1 ఉక్కు ఈల్డ్ స్ట్రెంగ్త్ 690 మెగాపాస్కల్. మామూలు వంతెన ఉక్కుకి రెట్టింపు. మరి సమస్య ఎక్కడొచ్చింది? వెల్డింగ్ దగ్గర. దర్యాప్తులో తేలింది ఏంటంటే, 1970లలో వర్క్‌షాపులో బీమ్ తయారుచేస్తున్నప్పుడే వెల్డ్‌లో హైడ్రోజన్ వల్ల పగులు పడింది. అది లోపల ఉండిపోయి, దశాబ్దాల తర్వాత పెద్దదైంది.

హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుంది? తేమ నుంచి. వెల్డింగ్ రాడ్ పైపూతలో, ప్లేట్ మీద, గాలిలో ఉన్న కాస్త తేమ ఆ మంటకి విడిపోయి హైడ్రోజన్ అవుతుంది. అది కరిగిన లోహంలోకి దూరుతుంది. ఇప్పుడు వెల్డ్ పక్కన ఉన్న ప్లేట్ త్వరగా చల్లబడుతుంది. ఉక్కులో కార్బన్ ఎక్కువ ఉంటే, అలా త్వరగా చల్లబడ్డ చోటు గాజులా పెళుసుగా మారుతుంది. పెళుసు చోటు, లోపల ఇరుక్కున్న హైడ్రోజన్, వెల్డ్ కుంచించుకుపోతూ లాగే ఒత్తిడి. ఈ మూడూ కలిస్తే పగులు. అది కూడా వెంటనే రాదు, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత వస్తుంది. వెల్డర్ పని ముగించి ఇంటికి వెళ్ళిపోయాక, ప్లేట్ లోపల నిశ్శబ్దంగా చీలుతుంది.

దీన్ని ఆపడానికి పాత పద్ధతి ప్రీహీట్. అంటే వెల్డ్ చేసే ముందు ప్లేట్‌ని వేడి చేసి, నెమ్మదిగా చల్లబడేలా చూడటం. పని చేస్తుంది. కానీ గ్యాస్ ఖర్చు, టైమ్, వేడిలో పనిచేసే మనిషి ఓపిక, అన్నీ కావాలి. ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరు కొంచెం తగ్గించారంటే అయిపోయింది. అంటే వంతెన భద్రత మొత్తం, ఆ రోజు ఆ వెల్డర్ రూల్ ఎంత పద్ధతిగా పాటించాడు అన్నదాని మీద నిలబడుతుంది.

అప్పుడు వచ్చింది హెచ్‌పీఎస్

1990లలో అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్, అమెరికా నేవీ, అక్కడి ఉక్కు కంపెనీల సంఘం కలిసి ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టాయి. నేవీ ఎందుకు అంటే, యుద్ధ నౌకలకి కూడా ఇదే తలనొప్పి. బలంగా ఉండాలి, సులువుగా వెల్డ్ అవ్వాలి, చల్లటి నీళ్ళలో పెళుసు అవ్వకూడదు. వాళ్ళు ఆ దారిలో అప్పటికే పనిచేశారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన పాయింట్ ఒకటుంది. వాళ్ళు "ఇంకా బలమైన ఉక్కు చేద్దాం" అనుకోలేదు. అసలు 485 మెగాపాస్కల్ బలం ఉన్న 70డబ్ల్యూ అనే వంతెన ఉక్కు అప్పటికే ఉంది. అదే బలం ఉంచి, మిగతా గుణాలు మార్చారు. పేరు హెచ్‌పీఎస్ 70డబ్ల్యూ. 70 అంటే అమెరికా కొలతల్లో ఈల్డ్ స్ట్రెంగ్త్, డబ్ల్యూ అంటే వెదరింగ్, అది తర్వాత చెప్తాను.

ఏం మార్చారు? ఒకటి, కార్బన్. పాత 70డబ్ల్యూలో 0.19 శాతం వరకు అనుమతి, కొత్తదాంట్లో గరిష్ఠం 0.11 శాతం. కార్బన్ తగ్గితే వెల్డ్ పక్కన గాజులా మారే గుణం తగ్గుతుంది. రెండు, సల్ఫర్. దాన్ని 0.006 శాతానికి కుదించారు. సల్ఫర్ ఉక్కులో చిన్న చిన్న మురికి పొరల్లా ఉండి, పగులుకి దారి వేస్తుంది. మూడు, కార్బన్ తగ్గిస్తే పోయే బలాన్ని తిరిగి తేవడానికి, ప్లేట్‌ని వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి మళ్ళీ కొంచెం వేడి చేస్తారు. లేదా రోలింగ్ జరుగుతున్నప్పుడే ఉష్ణోగ్రతని జాగ్రత్తగా కంట్రోల్ చేసి, లోపలి స్ఫటికాలు చాలా చిన్నగా వచ్చేలా చేస్తారు. స్ఫటికాలు చిన్నవైతే బలం, మొండితనం రెండూ పెరుగుతాయి. ఇది చాలా అరుదైన బంపర్ ఆఫర్. మామూలుగా ఉక్కులో ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది.

ఫలితం? హెచ్‌పీఎస్ 70డబ్ల్యూ ముక్క మైనస్ 23 డిగ్రీల దగ్గర కూడా చార్పీ టెస్ట్‌లో కనీసం 48 జౌల్స్ తట్టుకోవాలి. అమెరికాలో అతి చలి ప్రాంతాల వంతెనలకి, అంటే మైనస్ 51 డిగ్రీల దాకా పడిపోయే చోట్లకి కూడా, ఈ టెస్ట్ సరిపోతుంది. మరి టెస్ట్ మైనస్ 23 దగ్గరే ఎందుకు అంటే, సుత్తి దెబ్బ క్షణంలో పడుతుంది, లారీ బరువు దానికంటే నెమ్మదిగా పడుతుంది. నెమ్మదిగా పడే బరువుకి ఉక్కు ఇంకా తక్కువ ఉష్ణోగ్రత దాకా మొండిగానే ఉంటుంది.

అంటే పగులు అసలు రాదని కాదు. వచ్చినా అది పెరగడానికి టైమ్ పడుతుంది. ఆ టైమ్‌లో ఇన్‌స్పెక్టర్ కంటికి దొరుకుతుంది. మొండితనం మనకి కొనిపెట్టేది టైమ్.

లెక్కలు చూద్దాం

మొదటి హెచ్‌పీఎస్ వంతెన 1997లో నెబ్రాస్కా రాష్ట్రంలో, స్నైడర్ అనే ఊరి దగ్గర వచ్చింది. సుమారు 46 మీటర్ల ఒకే స్పాన్. డిజైన్ ఏమీ మార్చకుండా పాత 70డబ్ల్యూ బదులు కొత్తది వాడారు. వర్క్‌షాపు వాళ్ళకి ఈ ఉక్కు చేతికి ఎలా ఉంటుందో తెలుసుకోవడమే అసలు ఉద్దేశం. ఆ తర్వాత టెన్నెసీలో మార్టిన్ క్రీక్ మీద వంతెన. ఇది ఇంకా ఇంట్రెస్టింగ్. సుమారు 72 మీటర్ల చొప్పున రెండు స్పాన్లు. ముందు 345 మెగాపాస్కల్ ఉక్కుతో డిజైన్ చేశారు. తర్వాత హెచ్‌పీఎస్‌తో మళ్ళీ డిజైన్ చేశారు. ఉక్కు బరువు 24.2 శాతం తగ్గింది. ఖర్చు 10.6 శాతం తగ్గింది.

ఇప్పుడు మీ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 345ని 485తో భాగించండి. 0.71 వస్తుంది. అంటే బలం లెక్క ఒక్కటే చూస్తే ఉక్కు 29 శాతం తగ్గాలి. మరి 24 దగ్గరే ఎందుకు ఆగింది? ఖర్చు 10 దగ్గరే ఎందుకు ఆగింది?

ఖర్చు సంగతి సింపుల్. ఈ ఉక్కు కిలో ధర ఎక్కువ. బరువు సంగతిలోనే అసలు ఇంజనీరింగ్ ఉంది. ఉక్కు ఎంత బలమైనదైనా దాని బిగుతు, అంటే స్టిఫ్‌నెస్, మారదు. చవక ఉక్కైనా, ఖరీదైన ఉక్కైనా, ఒకే బరువుకి ఒకే సైజు బీమ్ ఒకేలా వంగుతుంది. బలం ఎక్కువ కదా అని బీమ్ సన్నం చేస్తే, విరగదు కానీ ఎక్కువ ఊగుతుంది. లారీ పోతుంటే పక్కన నడిచే మనిషికి భయం వేస్తుంది. అందుకే స్పాన్‌లో 800వ వంతు కంటే ఎక్కువ వంగకూడదు అనే లెక్క పెట్టుకుంటారు. 72 మీటర్లకి 9 సెంటీమీటర్లు.

ఇంకోటి ఫెటీగ్, అంటే అలసట. పేపర్ క్లిప్‌ని అటూ ఇటూ వంచితే విరిగినట్టు, లక్షల లారీలు పోయాక వెల్డ్ దగ్గర పగులు మొదలవుతుంది. అది వెల్డ్ ఆకారం మీద, ప్రతి లారీకి వచ్చే ఒత్తిడి తేడా మీద ఆధారపడుతుంది. ఉక్కు గ్రేడ్ పెద్దది పెట్టినంత మాత్రాన తగ్గదు. పైగా ప్లేట్ సన్నం చేస్తే ఒత్తిడి తేడా పెరుగుతుంది.

కాబట్టి తెలివైన డిజైనర్ ఏం చేస్తాడు? అన్ని చోట్లా ఖరీదైన ఉక్కు వాడడు. ఐ అక్షరం ఆకారంలో ఉండే గర్డర్‌లో, పైన కింద ఉండే మందపాటి పట్టీలు ఫ్లాంజ్‌లు, మధ్యలో నిలబడే పలక వెబ్. మధ్య స్తంభం మీద బరువు ప్రభావం ఎక్కువ. అక్కడ ఫ్లాంజ్‌లకి హెచ్‌పీఎస్, వెబ్‌కి మామూలు 345 ఉక్కు. దీన్ని హైబ్రిడ్ గర్డర్ అంటారు. బిర్యానీలో కుంకుమపువ్వు లాగా, కావాల్సిన చోటే.

వర్క్‌షాపులో ఏం మారింది

డిజైన్ పేపర్ మీద అయిపోతుంది. అసలు పరీక్ష వర్క్‌షాపులో. హెచ్‌పీఎస్‌కి ప్రీహీట్ చాలా తగ్గింది. సన్నటి ప్లేట్లకి దాదాపు గది ఉష్ణోగ్రత చాలు. కానీ దానికి ఒక షరతు ఉంది. తక్కువ హైడ్రోజన్ ఉండే రాడ్లు, ఫ్లక్సే వాడాలి. వంద గ్రాముల వెల్డ్ లోహంలో హైడ్రోజన్ 4 మిల్లీలీటర్లు దాటకూడదు. రాడ్లని ఓవెన్‌లో వేడిగా ఉంచాలి, బయటికి తీశాక ఇంత టైమ్‌లోపు వాడేయాలి. వాన రోజున డబ్బా మూత తీసి వదిలేస్తే ఆ రాడ్లు పనికిరావు. అంటే రూల్స్ పోలేదు. కాకపోతే ఒక చిన్న తప్పు జరిగినా ఉక్కు క్షమించే అవకాశం పెరిగింది.

ఇంకోటి పొడవు. చల్లార్చి తయారుచేసే ప్లేట్లు కొలిమి సైజుని బట్టి సుమారు 15 మీటర్ల దగ్గర ఆగిపోయేవి. రోలింగ్‌లోనే కంట్రోల్ చేసే పద్ధతి వచ్చాక 38 మీటర్ల దాకా వెళ్ళారు. పొడవు ప్లేట్ అంటే తక్కువ అతుకులు. తక్కువ అతుకులు అంటే విలన్ దాక్కునే చోట్లు తక్కువ.

ఇప్పుడు ఆ డబ్ల్యూ. ఇందులో రాగి, క్రోమియం, నికెల్ కొంచెం కలుపుతారు. వానకి తడిసి ఎండకి ఆరుతూ ఉంటే పైన గోధుమ రంగు తుప్పు పొర గట్టిగా అతుక్కుని, లోపలి ఉక్కుని కాపాడుతుంది. పెయింట్ ఖర్చు మిగులుతుంది. కానీ సముద్రపు ఉప్పు గాలి తగిలే చోట, నీళ్ళు ఎప్పుడూ నిలిచే చోట ఈ పొర సరిగ్గా కుదరదు. మొత్తం సన్నంగా తినేస్తుంది. కాబట్టి వాడే చోటు చూసుకుని వాడాలి.

మంచి ఉక్కు అన్నిటికీ మందు కాదు

చివరగా ఒక్కటి చెప్పకపోతే ఈ ఎపిసోడ్ అబద్ధం అవుతుంది. 2007 ఆగస్టు 1న మినియాపోలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది చనిపోయారు. అక్కడ ఉక్కు క్వాలిటీ సమస్య కాదు. బీమ్‌లని కలిపే గసెట్ ప్లేట్లు 1960ల డిజైన్‌లోనే ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయి. ఆ లెక్క తప్పుని 40 ఏళ్ళ పాటు ఎవరూ గమనించలేదు. ఆ రోజు రిపేర్ సామాన్లు, ఇసుక కూడా వంతెన మీదే పెట్టారు. ఎంత మొండి ఉక్కు ఇచ్చినా, తప్పు లెక్కని అది సరిచెయ్యలేదు.

మెంఫిస్ తర్వాత, టీ-1 ఉక్కుతో వెల్డ్ చేసిన ఇలాంటి కీలకమైన బీమ్‌లు ఉన్న వంతెనలన్నిటినీ మళ్ళీ పరీక్షించమని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ రాష్ట్రాలకి చెప్పింది. కంటితో చూస్తే కనిపించని పగుళ్ళ కోసం అల్ట్రాసౌండ్‌తో, కడుపులో బిడ్డని చూసినట్టు ఉక్కు లోపల చూస్తారు.

సో, నాకు ఇందులో అర్థమైంది ఏంటంటే, ఉక్కు ఎంత గట్టిది అని అడగడం సగం ప్రశ్నే. అందులో తప్పు జరిగితే ఏమవుతుంది అన్నది మిగతా సగం. వెల్డర్ తప్పు చేస్తాడు, ఇన్‌స్పెక్టర్ ఒకసారి మిస్ అవుతాడు, చలి అనుకున్నదానికంటే ఎక్కువ పడుతుంది. మనుషులు అన్నాక ఇవి జరుగుతాయి. అది ముందే ఒప్పుకుని తయారుచేసిన ఉక్కే హై పెర్ఫార్మెన్స్ స్టీల్. ఈసారి టీఎమ్‌టీ యాడ్ వస్తే స్కిప్ కొట్టే ముందు ఆ "డి" ఉందో లేదో చూడండి. ఇల్లు కడుతున్న మీ ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో వంతెనల కింద ఉండే బేరింగ్‌ల గురించి మాట్లాడుకుందాం. అంత పెద్ద వంతెన రబ్బరు దిండు మీద ఎందుకు కూర్చుంటుందో చెప్తాను. అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.